పదకొండు నిమిషాల్లో పిప్ బాగుచేసిన వైనం

జగదల్‌పూర్ నుంచి కిరందుల్ దాకా పట్టాల పక్కనున్న ఏ ఊళ్ళోనైనా అడిగి చూడండి. చచ్చిపోయిన పైథాన్‌ను పదకొండు నిమిషాల్లో, ఒంటి చేత్తో, రెండో చేతిలో టీ గ్లాసు వదలకుండా బతికించిన మనిషి ఎవరంటే నేరుగా మా ఇంటి గేటు చూపిస్తారు. పైథాన్ అంటే కంప్యూటర్‌కు పని చెప్పే భాష. నాకు తెలుగు, హిందీ, హల్బీ బాగా వచ్చు; గోండీ, ఒడియా తిట్టడానికి సరిపడా వచ్చు. ఆ లెక్కన ఇది ఆరోది. ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టర్‌గా చేసినవాడికి ఇంకో భాష బరువా?

ఈ కథ ఇప్పటికి చాలామందికి చెప్పాను. టీ కొట్టు దగ్గర చెప్పినప్పుడు ఏడు నిమిషాలన్నాను. బంధువుల పెళ్ళిలో మైకు పక్కన నిలబడి చెప్పాను కాబట్టి ఐదు. ఇప్పుడు రాతలో పెడుతున్నాను, రాతకు కాస్త మర్యాద ఇవ్వాలి గనక పదకొండు దగ్గర ఆగాను.

మాది విజయనగరం వైపు. ఉద్యోగం ఈ కొండల మీదికి తెచ్చింది, రిటైరయ్యాక దిగబుద్ధి కాలేదు. జగదల్‌పూర్‌లో చిన్న మేడ కట్టుకున్నాం. కింద మేమిద్దరం. పైగదిలో కంప్యూటర్ కోర్సు ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్ల ఒకతె అద్దెకుండేది. బాసగూడ అవతల నుంచి వచ్చింది. వాళ్ళింట్లో దోర్లీ మాట్లాడతారు. మాతో భద్రాచలం పక్క తెలుగు, కాలేజీలో హిందీ. మా ఆవిడ మాత్రం ఇక్కడ నలభై ఏళ్ళున్నా తన విజయనగరాన్ని ఒక్క అక్షరం వదల్లేదు. అందువల్ల మా ఇంట్లో కూర వండటానికి ముందు ఆ కూర పేరు మీద ఒప్పందం కుదరాలి.

ఆ పిల్ల ఒక ప్రోగ్రాం రాసింది. దాని వెనక కారణం ఉంది. ఒకసారి ఊరి నుంచి వాళ్ళ మేనత్తను కడుపునొప్పని ఇక్కడి పెద్దాసుపత్రికి పంపారు. ఆ రోజు పిల్లకు పరీక్ష, వెంట వెళ్ళలేకపోయింది. కౌంటర్లో నర్సు హిందీలో అడిగింది. దగ్గు ఉందా అంటే మేనత్త "హాఁ" అంది. జ్వరం ఉందా అంటే "హాఁ" అంది. ఆవిడకు వచ్చిన హిందీ అంతే. దగ్గు మందు సీసా పట్టుకుని, కడుపునొప్పితోనే తిరిగి బస్సెక్కింది.

అందుకని ఈ పిల్ల కంప్యూటర్ మీద మనిషి బొమ్మ గీసి, వాళ్ళమ్మ గొంతు రికార్డు చేసి పెట్టింది. రోగి ఎదురుగా కూర్చుంటే ఆ గొంతు దోర్లీలో అడుగుతుంది: ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, అన్నం తిన్నావా. రోగి ఆ బొమ్మ మీద వేలు పెట్టి, రోజులకూ తిండికీ గీసిన గుర్తులు నొక్కితే, నర్సుకు హిందీలో చీటీ వస్తుంది. ఆసుపత్రి పెద్ద నర్సమ్మ చూస్తానని ఒప్పుకుంది. గురువారం మూడింటికి, పది నిమిషాలు. శుక్రవారం పొద్దున ఆమె బదిలీ మీద వెళ్ళిపోతోంది. తర్వాత వచ్చేవాళ్ళు వింటారో వినరో తెలీదు. కాబట్టి ఉన్నది ఆ పది నిమిషాలే.

ఇక పిప్ సంగతి చెప్పాలి. ప్రోగ్రాం రాసేవాళ్ళు అన్నీ సొంతంగా రాసుకోరు. శబ్దం వినిపించే సామాను, బొమ్మ చూపించే సామాను ఎవరో ఎప్పుడో రాసి నెట్‌లో పెట్టి ఉంచుతారు. పేరు చెప్తే తెచ్చి, ఏది దేనితో పొసగుతుందో చూసి, సర్దిపెట్టే గుమాస్తా ఒకడున్నాడు. వాడి పేరు పిప్. మా గూడ్స్ ఆఫీసులోనూ అచ్చం ఇలాంటి మనిషే ఉండేవాడు, కాకపోతే పిప్ మధ్యాహ్నం కునుకు తీయడు.

ఆ గురువారం పొద్దున పిప్ చచ్చిపోయింది. నేను వెళ్ళాను, చూశాను, బాగుచేశాను.

ఇక్కడ ఒక చిన్న సవరణ. పిప్ దానంతటదే చావలేదు.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువు వచ్చిందంటే పాతదాన్ని కండెమ్ చెయ్యాలి, అంటే పనికిరాదని తేల్చి లెక్కలోంచి తీసెయ్యాలి. ఊరికే పారెయ్యకూడదు. దాని మీద సుద్దముక్కతో అడ్డగీత గీయాలి. కాగితం మీద వస్తువు పేరు, సంఖ్య, స్థితి, తొలగించిన విధం రాసి, సాక్షి చేత సంతకం పెట్టించాలి. ఆ కాగితం లేనిదే పగిలిన లాంతరు కూడా స్టేషన్ గడప దాటదు. ఉద్యోగం పోయినా ఈ అలవాటు నన్ను వదల్లేదు. ఇంట్లో మిక్సీని కండెమ్ చేశాను, రెండు గొడుగుల్ని చేశాను, ఒక పండగకు మా బావమరిది వచ్చినప్పుడు గుమ్మం బయట అతని చెప్పుల మీద కూడా గీత గీశాను. మా ఆవిడ తడిగుడ్డ పట్టుకుని నా వెనకే తిరిగి గీతలు తుడుస్తూ ఉంటుంది. మా సంసారం సగం ఇదే.

రోజూ పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా, నా జ్ఞాపకాలు టైపు చేసుకొమ్మని పిల్ల తన లాప్‌టాప్ నాకిచ్చేది. ఆ గురువారం ఆమె బొమ్మల కాగితాలు ప్రింటు తీయించడానికి బజారుకు వెళ్ళింది. నేను టైపు చేస్తున్నాను. ఒక స్టేషన్లో ఏనుగు సిగ్నల్ స్తంభాన్ని కౌగిలించుకున్న ఘట్టం మంచి పట్టులో ఉంది (ఏనుగు కాదు, ఎద్దు, అది వేరే కథ). ఇంతలో తెర మీద ఒక మాట వచ్చింది: డిస్కులో చోటు అయిపోతోంది.

వేరేవాళ్ళయితే దాన్ని కబురనుకుంటారు. నేను ఆజ్ఞ అనుకున్నాను.

వెతికాను. ఒక ఫోల్డర్లో పైథాన్‌లు రెండు కనిపించాయి. ఒకటి 3.9, ఇంకొకటి 3.12. ఒకే పనికి రెండు వస్తువులు! ఇందులో పాతది ఏది? మూడు పాయింట్ తొమ్మిది పెద్దదా, మూడు పాయింట్ ఒకటి రెండు పెద్దదా? బళ్ళో పిల్లల్ని ఎవర్ని అడిగినా తొమ్మిదే పెద్దదంటారు. పెద్ద నంబరు కొత్తది, చిన్న నంబరు పాతది. నేను 3.12ను కండెమ్ చేశాను. తెర మీద సుద్ద గీత గీయబోయి, దాని మీద మా ఆవిడ తడిగుడ్డ పడుతుందని గుర్తొచ్చి మానుకున్నాను. చెత్తబుట్టలో వేశాను. చెత్తబుట్టను కూడా ఖాళీ చేశాను, ఎందుకంటే కండెమ్ చేసిన సరుకు ఆవరణలో ఉండరాదు. చోటు బోలెడు ఖాళీ అయింది. తృప్తిగా ఎద్దు దగ్గరికి తిరిగి వెళ్ళాను.

కంప్యూటర్ వాళ్ళు నంబరును అలా చదవరట. చుక్క తర్వాత ఉన్నది తొమ్మిది, పన్నెండు. పన్నెండే కొత్తది. ముప్పై నాలుగేళ్ళు అంకెల మధ్య బతికినవాడికి ఈ విషయం ముందే చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో ఒకరిది కదా?

పదకొండు కావస్తుండగా పిల్ల వచ్చింది. ఆఖరి సారి నడిపి చూద్దామని ప్రోగ్రాం తెరిచింది. తెరవలేదు. పిప్‌ను పిలిచింది. పిప్ పలకలేదు. ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదని ఒక ముక్క మాత్రం తెర మీదకొచ్చి ఆగింది. ఆమె ప్రోగ్రాం, వాళ్ళమ్మ గొంతు, అన్నీ వేరే చోట భద్రంగానే ఉన్నాయి. కానీ వాటిని నడిపే పైథాన్ లేదు, ఆ పైథాన్‌ను నమ్ముకుని బతికే పిప్‌కు కాళ్ళు లేవు.

"తాతా, లాప్‌టాప్‌ల ఏమన్న ముట్టిన్రా?"

"నేనా? నా ఫైలు తప్ప ఏదీ ముట్టుకోలేదమ్మా. ఇందాక వోల్టేజ్ ఎగిరింది, ఫ్యాను కూడా ఒకసారి గిర్రున తిరిగింది."

"లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉండె గదా."

"అయితే ఉక్క. ఈ ఉక్కకు లోపల చెమ్మ పడుతుంది. లేదంటే ఎలుకలు."

"ఎలుక చూసి చూసి గా ఒక్క ఫోల్డరే కొరికిందా తాతా?"

ఇంకో రెండు మూడు కారణాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కానీ పిల్ల కళ్ళు తెర మీద ఒక మూలకు వెళ్ళాయి. అక్కడ నా పేరు మీద కొత్త ఫైలు ఒకటి ఉంది. పద్ధతి తెలిసినవాణ్ణి కదా, మెమో రాసి పెట్టాను. ఆమె దాన్ని తెరిచి పైకి చదివింది.

"కండెమ్ మెమో. వస్తువు: పైథాన్, పాతది. సంఖ్య: ఒకటి. స్థితి: వాడుకలో లేదు. తొలగించిన విధం: చెత్తబుట్టలో వేసి, సదరు చెత్తబుట్టను ఖాళీ చేయడమైనది. సాక్షి: లేరు."

వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది. "సాచ్చి లేకపోడమేటి? నానున్నాను. పొద్దున్నుంచి అందులో ఏటో తీసీడం, పారీడం సూస్తనే ఉన్నాను. ఏటి సేసినారండీ ఆ పిల్ల దాన్ని?"

"చోటు చేశాను."

"మీరు సేసిన సోటు సాలు! మొన్న మిక్సీ అయింది, ఇయ్యాల ఇదా? పరాయి పిల్ల సొమ్ము మీద మీ పెత్తనమేటి?"

పిల్ల ఏడవలేదు. కోప్పడినా బాగుండేది. ప్రింటు తీయించిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, వాటి అంచులు సరిచేస్తూ మెల్లగా అంది: "మూడింటికి ఆమె ముందట ఏం పెట్టాలె తాతా?"

నేను చాలా బళ్ళు ఆలస్యం కావడం చూశాను. కొన్ని నా మూలంగానే ఆలస్యమయ్యాయి. కానీ ఏ బండీ నన్నలా అడగలేదు.

"3.9 ఉంది కదమ్మా. దాంతో నడుపు" అన్నాను.

ఆమె ప్రయత్నించింది. 3.9 లేచింది. దాని దగ్గరున్న పిప్‌తో సామాను తెప్పించబోయింది. శబ్దం వినిపించే సామాను తెరమీదికొచ్చి, నాకు ఇంతకంటే కొత్త పైథాన్ కావాలని కరాఖండిగా చెప్పి కూర్చుంది. నేను ఇంట్లో ఉంచింది ముసలిదాన్ని, పారేసింది వయసుదాన్ని అని అప్పుడు తేలింది.

ఇక చెయ్యవలసింది మొదటి నుంచీ చెయ్యడమే. 3.12ను మళ్ళీ నెట్ నుంచి దింపుకోవాలి. దాని మీద పిప్‌ను మళ్ళీ నిలబెట్టాలి. పిప్ చేత సామాను మొత్తం మళ్ళీ తెప్పించాలి. గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. మా ఇంట్లో ఫోను నెట్ సరిగా అందేది మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కనే. మే నెల ఎండ. పిల్ల లాప్‌టాప్ పట్టుకుని పైకెళ్ళింది. నేను గొడుగు పట్టుకుని వెనకే వెళ్ళాను. గొడుగు మీద నా అడ్డగీత ఇంకా చెరిగిపోలేదు.

మొదటి అరగంట నా సేవ గొడుగు పట్టడం. పిల్లకు కాదు, లాప్‌టాప్‌కు. ఆమె అలాగే చెప్పింది. పైథాన్ దిగుతోంది, ఆగుతోంది, మళ్ళీ దిగుతోంది. నేను ఊరికే నిలబడలేను. "ఇప్పుడు ఎంటర్ నొక్కాలి కదా?" అన్నాను. "వద్దు తాతా" అంది. కొంచెం ఆగి, "అక్కడేదో ఎరుపులో వచ్చింది, నొక్కనా?" అన్నాను. "వద్దు తాతా." మూడోసారి అడగలేదు, నొక్కాను. దిగుతున్నది ఆగిపోయింది. మొదటి నుంచీ మొదలు.

పిల్ల కళ్ళు మూసుకుని పదిదాకా లెక్కపెట్టినట్టుంది. తర్వాత మహా నెమ్మదిగా అడిగింది: "తాతా, మీ ఫోను ఇస్తరా? మీతోని పెద్ద పని ఉన్నది."

ప్రోగ్రాం కోసం సామానంతా సర్దిన పాత ఏర్పాటు విరిగిపోయి పిప్ పలక్కపోయినా, అది అంతకుముందు తెచ్చి పెట్టిన సామాను ఫోల్డర్లు అలాగే ఉన్నాయి. ప్రతి ఫోల్డరు మీదా సామాను పేరు, దాని నంబరు ఉంటాయి. ఏ సామాను, ఏ నంబరుది వాడిందో అదే నంబరుది మళ్ళీ తెప్పించుకోవాలి, వేరేది వస్తే పొసగకపోవచ్చు. ఆమె ఆ ఫోల్డర్ల వరుసను నా ఫోనుతో నాలుగు ఫొటోలు తీసింది. "ఇవన్నీ కాగితం మీద మంచిగ రాయుండ్రి. ఒక్క అంకె గూడ తప్పు పోవద్దు. కింద నీడల కూసుని రాయుండ్రి" అంది.

ఇప్పుడు రెండో సవరణ చెయ్యక తప్పదు. నేను స్టేషన్ మాస్టర్‌ను కాను. స్టేషన్ మాస్టర్ గదికి ఎదురుగా ఉన్న గదిలో కూర్చునేవాణ్ణి. నా ఉద్యోగం నంబర్లు రాయడం. ఇనుపరాయి నింపుకొచ్చిన గూడ్సు యార్డులో ఆగితే, ఈ చివర నుంచి ఆ చివరకు పక్కన నడుస్తూ, ప్రతి వ్యాగన్ నంబరూ పుస్తకంలో ఎక్కించాలి. వానైనా, ఎర్రటి దుమ్మైనా. ఒక్క అంకె తప్పితే ఒక వ్యాగన్ లోకంలో లేకుండా పోతుంది, లోకంలో లేని వ్యాగన్ ఒకటి విశాఖపట్నం చేరుతుంది. స్టేషన్ మాస్టరని చెప్పుకుంటే జనం కుర్చీ వేస్తారు, నంబర్లు రాసేవాణ్ణంటే అలాగా అంటారు. అందుకని అలా చెప్పుకుంటూ వచ్చాను. కానీ లోపల నాకు తెలుసు, నా జీవితంలో నేను నిజంగా బాగా చేసిన పని అదొక్కటే.

కాబట్టి ఆ పిల్ల అడిగిన పనికి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మెట్ల కింద స్టూలు వేసుకున్నాను. పాత రిజిస్టరులో కొత్త పేజీ తీసి, వరుస సంఖ్య, పేరు, నంబరు, పరిశీలన అని గడులు గీశాను. ఇంగ్లీషు అక్షరాలు వ్యాగన్ మీద ఎలా ఉంటాయో అలా బొద్దుగా రాశాను. ఇరవై ఏడు సామాన్లు. కొన్ని పేర్లు నోరు తిరగవు. కొన్నిటికి నంబరులో రెండు చుక్కలు, కొన్నిటికి మూడు. ఒకటి రెండుసార్లు చదివి, వేలు పెట్టి దిద్దుకుంటూ రాశాను.

మా ఆవిడ టీ తెచ్చింది. "ఏటి రాస్తన్నారు?"

"కదిలించకు. ఇది తప్పితే అక్కడ అంతా పోతుంది."

"పోవలసింది పొద్దుటే పోయింది గదండీ" అని గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది.

పన్నెండూ ముప్పావుకి రిజిస్టరు చేత్తో పట్టుకుని పైకి వెళ్ళాను. అప్పటికి 3.12 దిగి, ఆ లాప్‌టాప్‌లో కుదురుకుని కూర్చుంది. పిప్ చచ్చినా, దాన్ని మళ్ళీ పుట్టించే మంత్రం పైథాన్ లోపలే ఉంటుందట. పిల్ల ఆ మాట కొట్టింది. పిప్ లేచి, తన నంబరు చెప్పింది. పిల్ల పాత విరిగిన ఏర్పాటును తీసేసి, పక్కన కొత్త గది కట్టినట్టు కొత్తది కట్టింది. ఇక మిగిలింది సామాను.

నేను రిజిస్టరులోంచి కాగితం చింపి అందించాను. "ఇరవై ఏడు. సరిచూసి సంతకం పెట్టాను."

ఆమె చూసింది, తల ఊపింది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద చార్జర్ పెట్టింది. తర్వాత ఒకే ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కింది. నేను మళ్ళీ గొడుగు పట్టి చూస్తున్నాను. తెర మీద పేర్లు వరసగా దిగసాగాయి. నా జాబితాలో ఉన్న పేర్లే! నేను రాసిన నంబర్లే! నేను వేలు చూపిస్తూ ఒక్కొక్కటీ పైకి చదివాను. పదకొండు నిమిషాలు పట్టింది. నేను చెప్పుకునే పదకొండు నిమిషాలు ఇవే. ముందున్న గంటన్నరను నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే బండి ఆగి ఉన్న సమయాన్ని ప్రయాణంలో కలపకూడదు. ఒంటి చేత్తో అన్నది కూడా నిజమే, రెండో చేత్తో గొడుగు పట్టుకున్నాను. టీ గ్లాసు మెట్ల కిందే ఉండిపోయింది, అందులో చీమలు కూడా పడ్డాయి.

ఆఖరి సామాను దిగింది. పిల్ల ప్రోగ్రాం తెరిచింది. మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఎండలో, బాసగూడ అవతల ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ గొంతు దోర్లీలో ఎక్కడ నొప్పి అని అడిగింది.

అప్పుడే నిమ్మరసం గ్లాసులతో మెట్లెక్కి వస్తున్న మా ఆవిడ, నెల రోజులుగా ఆ ప్రశ్న వింటూ నేర్చుకుని ఉందేమో, అలవాటుగా "మోకాళ్ళమ్మా, మోకాళ్ళు" అనేసింది. పిల్ల పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది.

రెండున్నరకు ఆటో ఎక్కాం. లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టుకుంటానన్నాను. కుదుపులు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పిల్ల చార్జర్ ఇచ్చింది. చార్జర్ బాధ్యత పూర్తిగా నాదే.

పెద్ద నర్సమ్మ గది బయట బెంచీ మీద ఊసూరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకతె కూర్చుని ఉంది. పొద్దున్నుంచి ఎవరేం అడిగినా తల ఊపుతోందట. ఈమెతోనే చూద్దాం అంది నర్సమ్మ, గడియారం చూసుకుంటూ. లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టారు. గొంతు అడిగింది: ఎక్కడ నొప్పి?

పెద్దావిడ చెప్పలేదు. తెరను అటూ ఇటూ చూసి, దోర్లీలో గట్టిగా ఏదో అడిగింది.

"క్యా బోలీ?" అంది నర్సమ్మ.

పిల్ల హిందీలో చెప్పి, నా కోసం తెలుగులో చెప్పింది. "నీది ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడుగుతున్నది తాతా."

గొంతు మళ్ళీ అడిగింది: ఎక్కడ నొప్పి? పెద్దావిడకు కోపం వచ్చింది. ఊరూ పేరూ చెప్పకుండా నొప్పి అడిగే మనిషి ఎవరు? వాళ్ళ వైపు ముందు ఊరు, తర్వాత వరస, ఆ తర్వాతే ఒంటి సంగతి. చుట్టరికం తేలకుండా ఎవరికి పడితే వారికి నొప్పి ఎలా చెప్తారు? గొంతు మూడోసారి అదే అడిగింది. ఆవిడ తెర వైపు వీపు తిప్పి కూర్చుంది.

మూడు దాటి ఆరు నిమిషాలైంది. నా చేతిలో చార్జర్ తడిసిపోయింది.

పిల్ల కింద కూర్చుని ఆవిడ మోకాలి మీద చెయ్యేసి మాట్లాడింది. ఆ గొంతు మా అమ్మది, మాది ఫలానా ఊరు, మా తాత ఫలానా అని చెప్పి ఉంటుంది. ఇద్దరూ వేళ్ళు మడిచి ఏవో లెక్కలు వేసుకున్నారు. చివరికి తేలింది: ఆ గొంతు పెద్దావిడకు చెల్లెలి వరస. అంతే, ఆవిడ తెర వైపు గిర్రున తిరిగింది. చెల్లెలు అడిగితే చెప్పకుండా ఉంటుందా? భుజం మీద వేలు పెట్టింది, వీపు మీద పెట్టింది, ఎన్నాళ్ళ నుంచో గుర్తులు నొక్కి చూపించింది, మధ్యలో కోడలి మీద ఫిర్యాదు కూడా చెప్పింది. ఆ కోడలి సంగతి తప్ప మిగిలినదంతా హిందీలో చీటీగా తెర మీదకొచ్చింది.

నర్సమ్మ చీటీ చదివింది. పెద్దావిడ భుజం నెమ్మదిగా నొక్కి చూసింది. ఆవిడ "అబ్బా" అన్నట్టు ఏదో అంది. "యే యహీఁ రహేగా" అంది నర్సమ్మ. ఇది ఇక్కడే ఉంటుంది. తర్వాత వచ్చేవాళ్ళ కోసం రాసి ఉంచే కాగితంలో ఆ మాట అక్కడికక్కడే ఎక్కించింది.

వారం తిరక్కుండా పిల్ల వాళ్ళమ్మ చేత ఇంకో ముక్క రికార్డు చేయించింది. ఇప్పుడు ఆ గొంతు ముందు తన ఊరు, తన తండ్రి ఊరు చెప్పి, ఆ తర్వాతే నొప్పి అడుగుతుంది.

ఇదీ జరిగింది. అతిశయాలన్నీ ఒక్కొక్కటిగా విప్పేశాను కాబట్టి చివరికి మిగిలిన నిజం ఇది: ఆ పైథాన్‌ను చంపింది నేనే, కానీ నా జాబితా లేకపోతే అది బతికేది కాదు. ఇరవై ఏడు సామాన్లు, ఒక్క అంకె పొల్లుపోకుండా. ఈ ఒక్క మాట నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేరు.

ఇక్కడి దాకా రాసి, పిల్లకూ మా ఆవిడకూ చదివి వినిపించాను. మా ఆవిడ పప్పులో రాళ్ళు ఏరుతూ వింది. పిల్ల మాత్రం ఆఖరి పేరా మళ్ళీ చదవమంది. చదివాను.

"అన్నీ మంచిగనే రాసిన్రు తాతా. లిస్టు ముచ్చటే తప్పు. ఆ లిస్టు ఫైలు ముందునుంచే నా ప్రోగ్రాం పక్కన ఉన్నది. నేను ఒక్క లైను కొట్టిన గదా, అండ్ల గా ఫైలు పేరే ఉన్నది, పిప్ దాన్ని చూసే అన్నీ తెచ్చింది. మీరు రాసింది నేను వాడలే. మీరు మళ్ళా లాప్‌టాప్ ముట్టొద్దని గా పని ఇచ్చిన. తర్వాత ఒకపారి కలిపి చూసిన. మూడు నంబర్లు తప్పు రాసిన్రు."